ఎగువకి నడిచిన సుందరమ్మ

సుందరమ్మ మద్రాసు వెళ్ళింది జీవితంలో ఒక్కసారే. పలివెల నుంచి కొత్తపేట వెళ్ళే దారిలో, కాలవ గట్టు మీద చిన్న పెంకుటిల్లు ఆవిడది. కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్ళు కట్టి కొత్తపేటలో అమ్ముకునేది. ఆదివారం చర్చికి, చుట్టాల పెళ్ళిళ్ళకి రావులపాలెం దాకా, అంతే ఆవిడ ఎరిగిన లోకం. తిరిగేదంతా మొగుడు యాకోబే. మండపేట మిల్లు బియ్యం మోసే లారీకి డ్రైవరు.

డెబ్భై తొమ్మిది క్రిస్మస్ నెలలో ఒక మధ్యాహ్నం, ఆయన తోటి డ్రైవరు వీర్రాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులైనా విప్పలేదు.

"అక్కా, కంగారు పడకండి. మద్రాసు పొలిమేరలో లారీ బోల్తా కొట్టింది. బావ అక్కడ పెద్దాసుపత్రిలో ఉన్నాడు. బతికే ఉన్నాడు గానీ..."

"గానీ ఏంటి? చెప్పు తమ్ముడూ."

"కాలు కుళ్ళిపోతోందంటండి. తీసెయ్యాలంటన్నారు. బావేమో మంచం కోడు పట్టుకుని, మా ఇంటిది వచ్చేదాకా కత్తి తాకనివ్వనంటన్నాడు. రేపు పొద్దున్న దాటితే విషం పైకెక్కి మనిషి దక్కడని డాక్టరుగారు చెప్పేరండి."

ఆ మాటతో బయలుదేరింది. పొరుగింటి నూకాలమ్మ జడ అల్లుతూ చెవిలో పోసిన జాగ్రత్తలన్నీ ఇన్నీ కావు.

"దారి తెలీనట్టు మొహం పెట్టకే. ఎవర్నీ ఏదీ అడక్కు. అడిగేవా, కొత్తదానివని తెలిసిపోద్ది. మా మేనత్త తోడికోడల్ని అలాగే రిక్షావాడు ఎక్కించుకుని ఎటో తీసుకుపోయేడు. ఇప్పటికీ జాడ లేదు."

జాడే లేనిదాని సంగతి నీకెవరు చెప్పేరని వేరే రోజైతే సుందరమ్మ ఎదురడిగేదే. ఆ రోజు మాత్రం ప్రతి ముక్కా నమ్మింది.

వీర్రాజు రాజమండ్రిలో ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించి, "ఆఖరి స్టేషన్లో దిగండక్కా. రోడ్డు దాటితే ఆసుపత్రే. క్లీనరు అబ్బులు బావ దగ్గరే ఉన్నాడు" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పేడు. ఆవిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, కన్ను మూస్తే స్టేషను దాటిపోతుందేమోనని తెల్లారేదాకా కూర్చునే ఉంది.

పొద్దున్నే రైలు ఒకచోట ఆగింది. "మద్రాసు వచ్చేసింది" అన్నారెవరో. మూటలతో జనం బిలబిలా దిగేరు. రేవు దాటించే పంటు ఒడ్డు తాకితే ఇంకా కూర్చునే మనిషి ఉంటాడా? సుందరమ్మా దిగింది. నాలుగడుగులు వేసేసరికి వెనకాల రైలు కదిలి ముందుకెళ్ళిపోయింది. ఆఖరి స్టేషనైతే రైలు ఇంకా ఎక్కడికి వెళ్తుంది? అప్పుడు తెలిసింది, ముందే దిగిపోయేనని.

బయటికొస్తే ఎదురుగా ఆసుపత్రి లేదు. లారీలు, పొగ, అర్థంకాని భాష. బోర్డుల మీద అక్షరాలు సైతం పరాయివే. ఒకాయన ఆగి ఏదో అడిగేడు. నూకాలమ్మ మాట గుర్తొచ్చి, అన్నీ తెలిసినట్టు తలాడించి గబగబా నడిచింది. ఎటు నడుస్తోందో తెలీదు. మంచం కోడు పట్టుకున్న ఆయన చెయ్యే కళ్ళముందు.

వంతెన దగ్గరికొచ్చేసరికి కింద కాలవ కనబడింది. నల్లటి నీళ్ళు, ముక్కు పగిలే కంపు. అయినా కాలవ కాలవే. ఆవిడకి ఊపిరి తిరిగింది.

ఆవిడ ఊళ్ళో దారి చెప్పాలంటే తూర్పనీ పడమరనీ అనరు. ఎగువకి వెళ్ళండి, దిగువకి రండి అంటారు. ఎగువకి నడిస్తే లాకులొస్తాయి, ఊరు పెద్దదవుతుంది, అంగళ్ళొస్తాయి. దిగువకి నడిస్తే ఇళ్ళు పలచబడి చివరికి సముద్రమే. పెద్దాసుపత్రి ఊరి నడిబొడ్డునే గదా ఉంటుంది! సుందరమ్మ గట్టు దిగి ఎండు గడ్డిపరక తుంపి నీళ్ళలో వేసింది. అది మెల్లగా కుడివైపుకి సాగింది. అయితే ఎగువ ఎడమకి. బుట్ట చంకనెత్తుకుని ఎడమకి నడిచింది.

ఎంత నడిచినా ఊరు చిక్కబడలేదు. గుడిసెలు పోయి గోదాములొచ్చేయి. గోదాములు పోయి చెత్తకుప్పలొచ్చేయి. మనుషులు కనబడడం మానేసి కుక్కలు కనబడ్డాయి. ఎండ నెత్తికెక్కుతోంది. డాక్టరు చెప్పిన పొద్దున్న ఇదే. ఇది దాటితే? ఆ తర్వాత మాట తలుచుకోలేక, "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ అడుగు పెంచింది.

వెనకాల రిక్షా గంట మోగింది.

"ఏమ్మా! ఓమ్మా! నిలుమా!"

ఆవిడ పరుగందుకుంది. నూకాలమ్మ చెప్పిన రిక్షావాడు వచ్చేశాడు!

"యాడికి మా పరిగెత్తేది? అటు శ్మశానం తప్ప ఏముండాది?"

తెలుగు మాట! ఏదో యాస, అయినా తెలుగే. శ్మశానం అన్న మాటకి కాళ్ళు వాటంతటవే ఆగిపోయేయి. నెరిసిన గడ్డం, భుజాన తువ్వాలు. తన పేరు బంగారయ్య అనీ, తాత కాలంలో నెల్లూరు నుంచి వచ్చేమనీ చెప్పేడు. ఆవిడ ఏడుస్తూ సంగతంతా చెప్పింది. గడ్డిపరక సంగతి కూడా.

"ఈ కాలవకి ఎగువేంది, దిగువేంది తల్లీ? చచ్చిన నీళ్ళివి. గాలెట్ట తోస్తే పరక అట్ట పోతది. ఎక్కు, బిరాన."

ఎక్కక తప్పలేదు. ఎక్కేక భయం రెట్టింపయింది. రిక్షా సందుల్లో దూరినప్పుడల్లా "ఇటా అండీ? ఇదే దారా అండీ?" అని అడుగుతూనే ఉంది.

"నిన్నెత్తుకుపోయి ఏం చేస్కోను మా? ఇంట్లో ఒకామె ఉంది, ఆమెకే జడుస్తా ఉండా" అన్నాడు, ఎగశ్వాసతో తొక్కుతూ.

ఎర్రటి పెద్ద స్టేషను కనబడింది. దానికెదురుగా ఆసుపత్రి. ఇక్కడి మాట నీకు తెలీదు గదా అని బంగారయ్య వార్డు దాకా వెంట వచ్చేడు. వరండాలో అబ్బులు ఎదురై, "వచ్చేవా వదినా! డాక్టరుగారు ఇదే ఆఖరిసారి అడగడమన్నారు" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేడు.

మంచం పక్కన డాక్టరు నిలబడి ఉన్నాడు. యాకోబు మొహం పసుపు రంగులో ఉంది. ఆవిణ్ణి చూడగానే పళ్ళు కనబడేలా నవ్వేడు.

"వచ్చేవా? హమ్మయ్య. ఈళ్ళకి చెప్పు, కాలు తియ్యొద్దని. నా మాట ఇనడం లేదు. కాలు లేనోడికి లారీ ఎవడిస్తాడే? నువ్వు చెప్తే ఇంటారు."

దారంతా చేరితే చాలనుకుంది సుందరమ్మ. చేరేక ఏం చెప్పాలో ఒక్కసారైనా అనుకోలేదు. దుప్పటి ఎత్తి చూసింది. మోకాలు దాకా నలుపు. ఆ వాసన కాలవ వాసన కన్నా ఘోరంగా ఉంది. దుప్పటి సర్ది, డాక్టరు వైపు తిరగలేక బంగారయ్య వైపు తిరిగింది.

"తియ్యమన్నానని చెప్పండి" అంది.

"ఇందుకా నిన్ను రమ్మంది?" అన్నాడు యాకోబు. మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. చక్రాల బల్ల మీద ఆపరేషను గదిలోకి తోసుకుపోతున్నప్పుడు కూడా ఆవిడ వైపు చూడలేదు. తలుపులు మూసుకున్నాయి. అప్పటిదాకా పడ్డ భయం ఒక భయమే కాదనిపించింది ఆవిడకి. ఇది తను అన్న మాట. ఎవరి మీదా తోసేది కాదు.

యాకోబు బతికేడు. చంకకర్రతో ఇల్లు చేరి, మరుసటి ఏడు ఇంటి ముందే సైకిలు షాపు పెట్టి, చాలాకాలం బతికేడు. కూరలో ఉప్పెక్కువైనా, లోపలికి గాలి రాకపోయినా, "నా కాలు తీయించిన మనిషివి నువ్వు" అనేవాడు. వినేవాళ్ళు నొచ్చుకునేవారు. సుందరమ్మ నొచ్చుకునేది కాదు. "ఆయ్, నేనేనండి" అని అన్నం వడ్డించేది. ఆ మాట అనడానికి మనిషి ఎదురుగా ఉన్నాడు గదా!

ఆయన పోయేక ఆ ఇంట్లో ఆ మాట అనేవాళ్ళు లేకపోయేరు. అప్పుడు మాత్రం ఆవిడ చాలా రోజులు గిన్నె ముందు కూర్చుని కూడా ముద్ద ఎత్తలేదు.