అమ్మ పోయిన మంచం

ఆసుపత్రిలో పక్కలు సర్దే ఆయమ్మ, గుమాస్తా పరీక్ష రాద్దామని నలభయ్యో ఏట ఇంగ్లీషు క్లాసులో చేరింది.

"‘విచ్’ పెట్టి ఓ వాక్యం చెప్పమ్మా," అన్నారు మాస్టారు.

నోటికొచ్చిందే చెప్పింది. "దిస్ ఈజ్ ద బెడ్ విచ్ మై మదర్ డైడ్."

"‘ఆన్’ మింగేశావు. మనకి ‘అమ్మ పోయిన మంచం’ అంటే చాలు, ‘మీద’ అక్కర్లేదు. ఇంగ్లీషులో అలా కుదరదు, ‘ఆన్ విచ్’ అనాలి."

"ఆన్ విచ్ మై మదర్ డైడ్," అని దిద్దుకుంది.

"భేష్!" అన్నారు మాస్టారు, ఉత్త ఉదాహరణే అనుకుని.

పక్కనున్న కుట్టుపనావిడ మాత్రం గుసగుసగా అడిగింది. "నిజంగానా అక్కా?"

"మొన్న సోమవారం. నా వార్డులోనే."

ఏడుపొస్తుందేమోనని ఆయమ్మ కాసేపు ఆగి చూసుకుంది. రాలేదు. బోర్డు మీది తర్వాతి వాక్యం పుస్తకంలోకి ఎక్కించుకోసాగింది.