డ్రెస్సరు సారు ఇంట్లో ఒక్క బంటు

మొన్న వాన కురుస్తున్న మధ్యాహ్నం ఫోన్లో చదరంగం ఆడుతున్నాను. నాకు మిగిలిన ఒకే ఒక్క బంటును అవతలి యంత్రం టక్కున తీసేసింది. ఆటలో అది మామూలే. కానీ నా అరచేతులు చల్లబడ్డాయి, నోరు ఎండిపోయింది. ఎనభై దాటినవాణ్ణి, ఒక బొమ్మ పోయినందుకు ఇంత భయమేమిటని ఫోను బోర్లా పెట్టి కూర్చున్నాను. ఆ భయం ఇప్పటిది కాదు. పంతొమ్మిది వందల అరవైల్లో, బోధన్‌లోని ఒక పెంకుటింటి వరండాలో పట్టుకున్నది.

అప్పట్లో నేను రుద్రూరులో చెరకు ఫారంలో పనిచేసేవాణ్ణి. పై చదువుకు పోలేని నాకు నిజామాబాదు గ్రంథాలయమే కాలేజీ. సెలవు దొరికితే బస్సెక్కి అక్కడికి పోయి, తలుపులు మూసేదాకా చదివి వచ్చేవాణ్ణి. అట్ట ఊడిన ఇంగ్లీషు చదరంగం పుస్తకం ఒకటి అక్కడే దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని కూడబలుక్కుని చదివాను. బొమ్మలు లేవు. చెరకు గనుపులు కోసి బొమ్మలుగా చెక్కి, గుర్తు కోసం ఒక పక్షానికి పసుపు పూశాను. పొద్దున లేచి చూస్తే పసుపు లేని పక్షం మీద చీమల దండు పడి ఉంది, పసుపు పక్షం చెక్కుచెదరలేదు. నేను చూసిన మొదటి గెలుపు అదే. తర్వాత కర్రముక్కలతో చేసుకున్నాను. ఫారం మొత్తంలో నన్ను ఓడించేవాడు లేడని గర్వంగా ఉండేది. నిజానికి ఆడేవాడే లేడు.

అలాంటి రోజుల్లో మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, ఒక సంబంధం మాట ఎత్తాడు. వాళ్లూ మాలాగే మెథడిస్టులు. పిల్ల తండ్రి మిషన్ దవాఖానలో గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరుగా చేసి దిగిపోయిన మనిషి. ఆ అమ్మాయిని నేను క్రిస్మస్ కూడికలో ఒకసారి చూశాను. పుస్తకం చూడకుండా పాడుతోంది, తప్పు పాడినవాళ్ల వైపు తల తిప్పి చూస్తోంది. ఆ చూపు ఒకసారి నా మీదా పడింది. ఆ తర్వాత ఇంకో సంబంధం మాట నా చెవికెక్కలేదు. చిక్కల్లా డ్రెస్సరు సారుతోనే. పిల్లనడగ వచ్చినవాణ్ణి చదరంగం ముందు కూర్చోబెడతాడట. మొదటి చాయ్ అందరికీ ఇస్తారు, రెండో చాయ్ వచ్చిందంటే సంబంధం కుదిరినట్టే. అప్పటికే ఇద్దరు ఒక్క చాయ్‌తో లేచి వెళ్లారని బోధన్‌లో చెప్పుకునేవారు.

"నువ్వు పుస్తకం సదివినోనివి. ముసలాయన్ని తుక్కుతుక్కు జెయ్యి, పిల్ల మనదే" అని బస్సులో చిన్నబాపు ధైర్యం చెప్పాడు. తలుపు తీసిన మనిషిని చూడగానే ఆ ధైర్యం గడప బయటే ఆగిపోయింది. ద్వారబంధం నిండా మనిషి. ఆపరేషనప్పుడు రోగులు కదలకుండా పట్టుకున్న చేతులవి. వరండాలో గుడ్డ మీద కుట్టిన చదరంగం పట పరిచి, ఎదురుగా కూర్చున్నారు.

"ఆట ఎవలు నేర్పిండ్రు, పిలగా?"

"గ్రంథాలయంల నేర్చుకున్న, సార్."

"అంటే మనిషి నేర్పలే."

పుస్తకంలో ఉన్నట్టు బంటును మొదటే రెండు గళ్లు జరిపాను. "దానికేం తొందరొచ్చింది? ఒక్కొక్క అడుగు నడువనియ్యి" అన్నారు. వెనక్కి పెట్టాను. చెమటతో బొమ్మ వేళ్లకు అంటుకుంది. భయపడినవాడు కనబడినదల్లా తింటాడు కాబోలు, ఆయన గుర్రాలు, ఏనుగులు, మంత్రి, ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చాను. ఆఖరి బంటునూ ఎత్తేసరికి చిన్నబాపు తొడ చరిచాడు. డ్రెస్సరు సారు మాత్రం పట మీద అరచెయ్యి పరిచి, "బుర్జు" అన్నారు.

మా దిక్కు పాత ఆటలో ఎదుటివాడికి రాజు తప్ప ఇంకేమీ లేకుండా చేస్తే బుర్జు, ఆట చెల్లదు. కనీసం ఒక్క బొమ్మనైనా, చివరికి ప్యాదా అనే బంటునైనా, మిగిల్చి రాజును కట్టాలి. నా పుస్తకంలో ఆ ముక్క లేదు.

"ఓడినోని ఇంట్ల ఒక్క ప్యాదానన్న ఉండనియ్యవా? నేను అల్లుడొస్తడనుకున్న, దండు వొచ్చింది" అన్నారాయన. లోపల ఎవరో నవ్వారు. "ఐతారం గుడి అయినంక రా. ఇంకొక్క ఆట. గంతే." ఆట చెల్లలేదు గనుక ఆ రోజు మొదటి చాయ్ కూడా రాలేదు.

ఆ వారం చెరకు సాళ్ల మధ్య నడుస్తుంటే ఆకుల గరగర కూడా నన్ను గద్దించినట్టే ఉండేది. మళ్లీ గ్రంథాలయానికి పోయి పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ఎలా తీసుకోవాలో చెప్పిన పుస్తకంలో ఎలా వదలాలో ఎక్కడా లేదు.

ఆదివారం ఆట సాగి సాగి, ఆయనకు రాజూ ఒక బంటూ, నాకు రాజూ ఏనుగూ శకటూ మిగిలాయి. బంటు ఉన్నది గుర్రం వరుసలో. ఇంకో అడుగు వేసి చివరి గడి చేరితే, పాత ఆట లెక్కన ఆ వరుస బొమ్మ, అంటే గుర్రమైపోతుంది. నా ఏనుగు దాన్ని కొట్టగలదు. కొడితే బుర్జు, పిల్ల పోయినట్టే. కొట్టకపోతే గెలుపు పోతుంది, గెలవనివాడికి పిల్లనిస్తారో ఇవ్వరో తెలియదు. ముట్టిన బొమ్మ ఆడి తీరాలి గనుక చెయ్యి గాలిలోనే నిలిపాను. అప్పుడే ఆమె చాయ్ తెచ్చింది.

"బాపూ, గా చెయ్యి సూడు, జరమొచ్చినట్టు వణుకుతుంది. జర చాయ్ తాగనియ్యి."

"నువ్వు లోపటికి నడువు."

"పోత. కప్పు వలిగితే మల్ల నన్ననకు."

కప్పు పగల్లేదు గాని, చాయ్ సగం నా పంచె మీద ఒలికింది. ఆ కంగారులో రాజును ఒక గడి పక్కకు జరిపాను. బంటు గుర్రమైంది. రెండెత్తుల్లో అది నా రాజునూ ఏనుగునూ ఒక్కసారే పట్టి, ఏనుగును తినేసింది. ఇక గెలవడానికి చాలినంత బలం ఇద్దరి దగ్గరా లేదు, ఆట సమం.

"ఖరాబ్ జేసినవ్ గదరా!" అని చిన్నబాపు నెత్తి పట్టుకున్నాడు.

"ప్యాదాను ఎందుకిడిసినవ్?" డ్రెస్సరు సారు నా కళ్లలోకి చూశారు. మర్యాద కోసమని చెప్పవచ్చు. ఉన్నదే చెప్పేశాను.

"భయమైంది, సార్. కొడితే పొమ్మంటరని."

ఆయన పట అంచు సర్దారు, నా పంచె మీది మరక చూశారు. తర్వాత లోపలికి తిరిగి గట్టిగా అన్నారు: "బిడ్డా, ఈయనకు ఇంకో చాయ్ తే. మొదటిది బట్టలే తాగినయ్."

ఆ పట ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పొద్దుగూకితే నేనూ ఆమే దాని ముందు కూర్చుంటాం. ఆమె నాకంటే బాగా ఆడుతుంది. ఓడిస్తుంది, కానీ ఇన్నేళ్లలో ఒక్కసారీ నన్ను ఒంటి రాజును చేయలేదు. డ్రెస్సరు సారు పోయారు, చిన్నబాపు పోయాడు, ఆ వరండా పోయింది. కాలానికి మా దిక్కు ఆట రాదు. అది మా వైపు చెయ్యి చాచినప్పుడల్లా, పట అవతల కూర్చున్న నా ఒక్క ప్యాదానన్నా ఉండనియ్యమని అడగబోయి, ఇప్పటికీ నోరు ఎండిపోయి ఊరుకుంటాను.