బాయి గేటు ముందు తెల్లయ్యగారు

ఈ నాలుగు పుటలు ఎందుకు రాయవలసి వచ్చిందో ముందుగా చెప్పడం నా విధి. గత వారం గోదావరిఖనిలో ఒక బేకరీ ముందు నిలబడి ఉండగా, అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నుల వాసన వచ్చింది. పిండిలో యాలకులు దంచి కలిపినట్టున్నారు. ఆ వాసనకు నాకు హెల్వీ అమ్మగారు గుర్తుకు వచ్చారు. పక్కనున్న మిత్రునితో ఆ మాటే అన్నాను. ఆయన నవ్వి, "క్రిస్మస్‌కు మన ఆడోళ్లు తరిమిన తెల్లోళ్లే గదా" అన్నాడు. ఆయన ఆ రోజుల్లో ఈ ఊళ్లో లేడు, విన్నది చెప్పాడు. విచారిస్తే మరి ఇద్దరు ముగ్గురు కూడా అదే చెప్పారు. ఎవరూ ఎవరినీ తరమలేదు. జరిగినది కళ్లారా చూసినవాణ్ణి నేను బతికి ఉండగానే అబద్ధం స్థిరపడిపోవడం పద్ధతి కాదు గనుక, తెలిసినంత మేరకు వరుసగా రాస్తున్నాను.

ఎనభైల చివరి సంవత్సరాలవి. నేను గని కార్మికుల కాలనీలో ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయుణ్ణి. కాలనీ అంచున ఉన్న రేకుల కప్పు చర్చికి కార్యదర్శిని కూడా. ఆ ఏడు మాకు పాస్టరు లేరు. క్రిస్మస్ కాలం వరకు ఒక వృద్ధ మిషనరీ దంపతులు వచ్చి ఉంటారని కబురు అందింది. ఫిన్లాండ్ దేశస్థులైన ఆర్వో గారు, హెల్వీ అమ్మగారు యౌవనంలో కోస్తా జిల్లాలలో చాలాకాలం పనిచేసి, స్వదేశంలో విశ్రాంతి తీసుకుంటున్నవారు. మంచు కురిసే తమ ఊళ్లో మనవలతో జరుపుకోవలసిన పండుగను వదులుకొని, బొగ్గు దుమ్ము కురిసే మా ఊరికి వచ్చి రెండు గదుల క్వార్టర్‌లో దిగారు. ఆయన పొడవుగా, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. ఆమె పొట్టి మనిషి. మోకాళ్ల నొప్పులున్నా కుర్చీ వేస్తే కూర్చునేవారు కారు. కాలనీలో వారికి తెల్లయ్యగారు, తెల్లమ్మ అనే పేర్లు రెండో రోజుకే స్థిరపడ్డాయి.

వారు తెలుగు నేర్చుకున్నది పాత బైబిలు నుండి. మొదటి ఉదయం హెల్వీ అమ్మగారు వీధి కుళాయి దగ్గర మల్లవ్వను పలకరించడం నేను విన్నాను. మల్లవ్వ కమాన్‌పూర్ వైపు నుండి వచ్చిన రైతు కుటుంబపు స్త్రీ. భర్త గని ప్రమాదంలో పోయాడు. ఆ ఉద్యోగం ఒక్కగానొక్క కొడుకు రాజమల్లుకు వచ్చింది. "సహోదరీ, నీవు భోజనము చేసితివా?" అని అమ్మగారు అడిగారు. మల్లవ్వ బిందె దించి, నడుము మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏందమ్మా, నాటకంల రాణి లెక్క మాట్లాడ్తవ్? తిన్నవా అనరాదూ?" అంది. మర్నాటి నుండి అమ్మగారు కనబడిన ప్రతివారినీ "తిన్నవా?" అని అడగసాగారు. చిన్నా పెద్దా లేదు. పంతులునైన నన్ను కూడా అలాగే అడిగారు. గౌరవవాచకం లేని ఆ పలకరింపు నాకు మొదట కొంత కష్టం కలిగించిన మాట వాస్తవం. తరువాత ఆ పిలుపు వినబడని రోజున ఏదో లోటుగా ఉండేది.

చర్చికి గంట లేదు. వెల్డింగు షాపు ఖాజా మియా ఎక్కడినుండో ఒక పాత పట్టా ముక్క, అంటే రైలు కమ్మీ తుంట, తెచ్చి ఆవరణలో ఇనుప గుంజకు వేలాడదీశాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోక, "పండుగకు అమ్మ చేసే మీఠీ రోటీ నాకు పంపుండ్రి, బస్" అన్నాడు. హెల్వీ అమ్మగారు పిండిలో యాలకులు దంచి కలిపి కాల్చే తీపి బన్నుకు అతను పెట్టిన పేరది. ఆదివారాలు దానిని సుత్తితో నాలుగైదు దెబ్బలు కొట్టి ఆపేవాళ్లం. కాలనీవారు దానికి అలవాటు పడ్డారు.

ఇక్కడ ఒక విషయం బయటివారి కోసం చెప్పాలి. మా ప్రాంతంలో గనిని బాయి అంటారు. బాయి దగ్గర సైరన్ షిఫ్టు మారే వేళలకు కూస్తుంది. పిల్లలు దానిని బట్టే బడికి బయలుదేరుతారు, ఇల్లాళ్లు దానిని బట్టే పొయ్యి వెలిగిస్తారు. కాని, వేళ కాని వేళలో ఆగకుండా ఏది మోగినా, అది సైరన్ అయినా ఇనుప ముక్క అయినా, కింద ప్రమాదం జరిగిందనే అర్థం. ఈ సంగతిని ఇక్కడ ఎవరూ ఎవరికీ నేర్పరు. పుట్టుకతోనే తెలిసినట్టుంటుంది. అందువల్లనే ఆ దంపతులకు చెప్పాలని మాలో ఏ ఒక్కరికీ తోచలేదు. ఇక వారి దేశపు ఆచారమేమిటంటే, క్రిస్మస్ ముందు రోజు మిట్టమధ్యాహ్నం గంటలు చాలాసేపు మోగిస్తారు. ఆ క్షణం నుండి పండుగ శాంతి మొదలైనట్టు. ఎవరూ ఎవరికీ కీడు తలపెట్టకూడదు. ఈ ఆచారం మాకెవరికీ తెలియదు.

ఆ ఏటి క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం నేను తరగతిలో పద్యం చెబుతున్నాను. పట్టా ముక్క మోగింది. నాలుగైదు దెబ్బలతో ఆగలేదు. మొదటి షిఫ్టు కిందనే ఉన్న వేళ. పిల్లలు నా అనుమతి అడగకుండా లేచి నిలబడ్డారు. నేను కూర్చోమనలేదు. అప్పటికే క్వార్టర్ల వరుసల్లోంచి ఆడవాళ్లు పరుగులు తీస్తున్నారు. పిండి చేతులతో ఒకామె, సగం జడతో ఒకామె, చంకలో పిల్లతో ఒకామె, అందరూ బాయి వైపే. వారిలో మల్లవ్వ చెప్పులు లేకుండా పోతోంది.

చప్పుడు వస్తున్నది చర్చి వైపు నుండి అని గుర్తించి నేను అక్కడికి పరుగెత్తాను. తెల్లచొక్కా తొడిగి, ముఖం నిండా సంతోషంతో ఆర్వో గారు సుత్తి ఎత్తి ఉన్నారు. నేను విషయం చెప్పాను. ఆయన చేయి గాలిలోనే ఆగిపోయింది. సుత్తి కింద పెట్టడం కూడా మరచి వీధి వైపు చూశారు. నేను నా పద్ధతిలో ఒక ఏర్పాటు సూచించాను. దంపతులు లోపల ఉండి తలుపు వేసుకోవాలి. పొరపాటు జరిగిందని గని అధికారులచేత మైకులో చెప్పిస్తాను. జనం శాంతించాక, పండుగ దాటినాక క్షమాపణ చెప్పుకోవచ్చు. ఆయన పూర్తిగా విన్నారు. "పిలిచినవాడను నేను. వారు వెళ్లిన చోటికి నేను వెళ్లవలెను" అని మాత్రం అన్నారు. హెల్వీ అమ్మగారు పొయ్యి ఆర్పి వచ్చారు. ముగ్గురం నడిచాము. ఆమె మోకాళ్ల వల్ల మెల్లగా నడవవలసి వచ్చింది. వెనుక నుండి వచ్చినవారు మమ్మల్ని దాటి పరుగెత్తుతుంటే ఆయన తల దించుకోలేదు, వేగం పెంచనూ లేదు.

బాయి గేటు ముందు నేల కనబడనంత జనం. ఒక ఉద్యోగి పీట ఎక్కి కింద ఏమీ జరగలేదని, అందరూ ఇళ్లకు వెళ్లాలని చెబుతున్నాడు. అతను చెబుతున్నది నిజమే. అయినా ఒక్కరూ కదలలేదు. ఖాజా మియా కూడా షాపు వదిలి వచ్చి, కార్మికులు దీపాలు తీసుకొని అప్పగించే ల్యాంపు రూములో అడిగి తెలుసుకొని, నేల మీద కూర్చున్న మల్లవ్వ దగ్గర వంగి చెప్పాడు: "అక్కా, ఫికర్ చెయ్యకు. అందరు ఖైరియత్ ఉన్నరట."

"నువ్వు బాయిల దిగి సూసినవా ఖాజా? సూడలే గద. పక్కకు జరుగు" అంది మల్లవ్వ. ఆపైన నా వైపు తిరిగి, "నా పెనిమిటి పోయిన నాడు గూడ ఏం గాలే, ఇంటికి పో అన్నరు సారూ. పోయి బియ్యం గడిగిన. పొయ్యి మీద పెట్టిన. మల్ల ఆ అన్నం ఎవలు తిన్నరు? నా కొడుకు మొఖం సూసేదాంక నేను లేవ" అంది.

అప్పుడు ఆర్వో గారు ముందుకు వచ్చి, గంట కొట్టినది తానేనని అందరికీ వినబడేటట్టు చెప్పారు. నేను భయపడ్డాను. ఎవరైనా రాయి విసరుతారనుకున్నాను. ఎవరూ విసరలేదు. మల్లవ్వ ఒక్కతే ఆయనను కింది నుండి మీది దాకా చూసి, "ఎందుకు కొట్టినవ్ తెల్లయ్యా?" అని అడిగింది. ఆయన తమ ఊరి ఆచారం వివరించారు.

"మీ కాడ గంట మోగితే శాంతి. మా కాడ గంట మోగితే పీనుగు" అంది ఆమె.

"తెలియలేదు, తల్లీ. ఇప్పుడు తెలిసినది. నీవు లేచువరకు నేనును ఇచ్చటనే కూర్చుందును."

"కూసో మరి. ఎండల కూసో. మేమెట్ల కూసుంటమో నీకు గూడ ఎరుకైతది."

ఆయన బొగ్గు మట్టిలో కూర్చున్నారు. హెల్వీ అమ్మగారు నా చేయి ఆసరా పట్టుకొని, ఎంతో కష్టం మీద మల్లవ్వ పక్కన కూర్చున్నారు. రెండింటికి పొరుగూరి నుండి పెద్ద పాస్టరుగారు ప్రత్యేక ఆరాధనకు వస్తారని, ఆయన వేచి ఉండవలసి వస్తుందని నేను గుర్తుచేశాను. వారిని ఇక్కడికే రమ్మనండి అన్నారు ఆర్వో గారు. ఇక చేసేదేమీ లేక నేనూ ఇస్త్రీ బట్టలతో కూర్చున్నాను. ఉపాధ్యాయుడినై వీధిలో నేల మీద కూర్చోవడం నాకు అదే మొదలు.

తరువాత అమ్మగారు మల్లవ్వను కొడుకు గురించి అడిగారు. మల్లవ్వ ముందు ముభావంగానే చెప్పింది. వాడికి సొరకాయ గిట్టదట, చిన్నప్పుడు జ్వరమొస్తే దవాఖానకు భుజాన మోసుకుపోయిందట. అవతలి స్త్రీ తన భర్త సంగతి అందుకుంది. ఒకరి తరువాత ఒకరు కింద ఉన్నవారి పేర్లు చెప్పుకుంటూ పోయారు. అమ్మగారు ప్రతి పేరూ తిరిగి పలికేవారు, తప్పు పలికితే వాళ్లు దిద్దేవారు. పెద్ద పాస్టరుగారు వచ్చి, మమ్మల్ని చూసి చేతిరుమాలు పరుచుకొని కూర్చున్నారు.

సైరన్ కూసింది. మల్లవ్వ, దంపతులు తప్ప జనమంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. షిఫ్టు దిగినవారు గేటు దాటి రావడం మొదలైంది. బొగ్గు పట్టిన ముఖాల్లో ఎవరు ఎవరో ఆనవాలు దొరకదు. నడక చూసి, గొంతు విని గుర్తుపట్టాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్కరు ఎదురుపోతున్నారు. జనం పలచబడింది. రాజమల్లు రాలేదు. ప్రమాదం లేదని, మోగించినది మా పట్టా ముక్కేనని ఎరిగిన నేను కూడా మెడ సాచి గేటు లోపలికి చూశాను. బాయి బాయే గదా, గంటతో నిమిత్తం లేకుండా కూడా కింద ఏదైనా జరగవచ్చు. ఆర్వో గారి పెదవులు కదులుతున్నాయి. వారి భాషలో ప్రార్థిస్తున్నారని గ్రహించాను. హెల్వీ అమ్మగారి చేతిని మల్లవ్వ ఎప్పుడు పట్టుకుందో నేను గమనించలేదు.

ఆఖరున వచ్చిన గుంపులో, తీరిగ్గా, ఎవరితోనో నవ్వుకుంటూ వచ్చాడు రాజమల్లు. తల్లిని చూసి ఆగి, "ఏందవ్వా, గింతమందేంది? ఎవలొస్తున్నరు, మంత్రా?" అన్నాడు.

మల్లవ్వ లేచి పోయి వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. "గింత లేటు ఏందిరా?" అంది. ల్యాంపు అప్పగించే దగ్గర వరుస పెద్దగా ఉందని వాడు చెబుతుండగానే, కొట్టిన చేత్తోనే వాడి ముఖమంతా తడిమింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వుతో నా గుండెల మీది నుండి బండ దించినట్టయింది. ఆమె వెనుదిరిగి వచ్చి, నల్లబడిన ఆ చేతినే అమ్మగారికి అందించి పైకి లేపింది. "లే తెల్లమ్మా. పొద్దటి సంది తిన్నవా? తినలే. నడువు, బువ్వ పెడ్త" అంది. రెండింటికి జరగవలసిన ఆరాధన ఆ సాయంకాలం మొదలైంది. మా చర్చి గుమ్మం ఏనాడూ తొక్కని ఆడవాళ్లు, తెల్లయ్యగారు ఏం చెబుతారో విందామని వచ్చి వెనుక నిలబడ్డారు.

పండుగ తరువాత ఆర్వో గారు మల్లవ్వ ఇంటికి వెళ్లి, ఇకపై ఏ వేళలో చాలాసేపు మోగిస్తే ఎవరికీ బాధ ఉండదని అడిగారు. ఆమె ఆలోచించి, అలాంటి వేళ లేదని చెప్పింది. మూడు షిఫ్టుల ఊళ్లో ఎప్పుడూ ఎవరో ఒకరు కిందనే ఉంటారు. ఆయన ఆ జవాబును అంగీకరించారు. మా చర్చిలో నేటికీ నాలుగైదు దెబ్బలే. ఆ దంపతులు జనవరి నెలలో స్వదేశానికి వెళ్లిపోయారు. వీడ్కోలుకు రామగుండం స్టేషనుకు వచ్చినవారిలో మా సంఘస్థుల కన్నా బాయి గేటు దగ్గర కూర్చున్న స్త్రీలే ఎక్కువ. వారిని తరిమారన్న మాటకు ఇదే నా సమాధానం.

తరువాత నేను ప్రధానోపాధ్యాయుణ్ణయ్యాను. క్రమశిక్షణ విషయంలో నేను మెత్తబడ్డానని ఎవరూ అనలేదు, అనరు. కాని నా బడి వల్ల ఏ ఇంట్లోనైనా కలత పుట్టినప్పుడు నౌకరు చేత కబురు పంపి ఊరుకోలేదు. ఆ ఇంటికి నేనే వెళ్లి, వారు నిమ్మళించేవరకు కూర్చునేవాణ్ణి. కొన్ని ఇళ్లలో తిట్లు తిన్నాను, కొన్ని ఇళ్లలో టీ తాగాను. దేనికీ తొందరపడి లేవలేదు. ఆ నిదానం నాది కాదు, ఆర్వో గారిది.

వయసు మీద పడింది. పేర్లలో, వరుసలో, ఎవరు ఏ మాట అన్నారన్న దానిలో పొరపాట్లు దొర్లి ఉండవచ్చు. ఆనాడు ఆ గేటు ముందు ఉన్నవారు గాని వారి పిల్లలు గాని ఇది చదివి, తప్పు కనిపిస్తే ఉపేక్షించవద్దు. కబురు చేస్తే చాలు, నేనే మీ ఇంటికి వస్తాను. మీరు చెప్పడం పూర్తయ్యేవరకు కూర్చుని వింటాను.