సీటు బెల్టులో గోదారి బురద

"తాళాలెక్కడే?" అన్నాడు.

"నీ జేబులోనే ఉన్నాయి మావా, చెయ్యి పెట్టి చూసుకో" అన్నాను.

తడుముకుని, "ఆఁ, ఉన్నాయిలే" అన్నాడు. అరుగు మీద నడుం వాల్చాడు. మళ్లీ లేవలేదు. ఇన్నేళ్ల కాపురంలో మా ఆఖరి మాటలు ఇవి. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ తాళాలు ఒక పాత వ్యానువి. అది మా చేతికి ఎలా వచ్చిందో చెబుతాను. నాకు సంతకం వరకే వచ్చు కనుక మా మేనకోడలు సత్య రాస్తోంది.

నేను యానాం అవతల ఏటి రేవులో చేపల వ్యాపారం చేసి రిటైరయ్యాను. శాలువా, సన్మానం ఏమీ లేవు. ఇక చాలు అని ఆర్డరు వేసింది నా మోకాళ్లు. నా ఉద్యోగం ఏంటంటే, తెల్లారకముందే పడవలు రేవుకు రాగానే వేలం పాటలో కుప్పలు పాడుకోవడం, మొప్పలెత్తి చూసి మంచి సరుకు ఐసు పెట్టెల్లో సర్దడం, ఎండెక్కకముందే దాన్ని రాజమండ్రిలో పెళ్లి విందులు వండే కేటరింగు ఆయనకి చేర్చడం. మా ఆయన అప్పారావు వేటకి వెళ్లేవాడు. భుజం లేవక వల విసరలేని రోజు రాగానే పడవ అమ్మేశాం. ఆ డబ్బుతో కారు కొని, వెనక సీట్లు పీకేసి, సరుకు మేమే తోలుకోవాలని అనుకున్నాం. ఇక మా ఇద్దరి బతుకూ ఆ కారు మీదే. అది గోదారికి పెద్ద వరద వచ్చి తీసిన ఏడాది.

రాజమండ్రి ఊరి బయట దొరబాబుగారని ఒక పెద్దమనిషికి పాత కార్ల యార్డు ఉండేది. ఇస్త్రీ నలగని చొక్కా, మాట మాటకీ రెండేసి అండీలు. మాకో ఏడు సీట్ల కారు చూపించారు.

"డాక్టరుగారి బండండి. ఆదివారం గుడికి తప్ప బయటికి తీసేవారే కాదండి. చంటిపిల్లలా చూసుకున్నారండి" అన్నారు.

మేం వెళ్లేసరికి ఆ కారులోంచి ఎవరో భార్యాభర్తలు దిగుతున్నారు. ఆయన కర్చీఫు, ఆవిడ పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. మమ్మల్ని చూసే అనుకున్నాం. మాకది కొత్త కాదు. బస్సులో మా పక్క సీటు ఖాళీ అయినంత తొందరగా ఎమ్మెల్యే పక్క సీటు కూడా ఖాళీ అవదు. పాపం వాళ్లని ఇబ్బంది పెట్టడం ఎందుకని మా ఆయన గాలివాటం చూసుకుని అవతలికి జరిగి నిలబడ్డాడు కూడా.

వాళ్లు వెళ్లిపోయాక దొరబాబుగారు తలుపులు బార్లా తీశారు. లోపల మల్లెదండ, ఒక సెంటు సీసా వేలాడుతున్నాయి. "ఏమైనా వాసన వస్తుందా అండి?" అని ఆయనే అడిగారు. తల లోపల పెట్టి ఇద్దరం గట్టిగా పీల్చాం. ఏమీ లేదు బాబూ, మా ఇల్లులాగే ఉందన్నాను. ఆయన ఎంత సంతోషించారో చెప్పలేను. ఆయన మొహం చూస్తే, మాలాంటి ముక్కుల కోసమే నెలల తరబడి ఎదురుచూసినట్టుంది. ఏటి నీళ్లు, ఒండ్రు, చేప. ఈ మూడింటి మధ్యే పుట్టి పెరిగినవాళ్లకి వరద నీట నానిన కారు కంపు ఎలా తెలుస్తుంది? అది మాకు గాలి.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత దానికి సొంత అభిప్రాయాలు మొదలయ్యాయి. హారను దానంతట అదే మోగేది. లైట్లు పగలు వెలిగి, చీకటి పడగానే ఆరిపోయేవి. నడిరోడ్డు మీద ఆగిపోతే ఐసు కరిగి పండుగప్ప చేపలు మెత్తబడేవి. కేటరింగు ఆయన మంచివాడు కాబట్టి తిట్టకుండా చెప్పాడు. "అత్తా, నీ చేపల కోసం పెళ్లివారిని పంక్తిలో కూర్చోబెట్టి భజన చేయించమంటావా? ఇంకొక్కసారి ఇలాగైతే నా దారి నేను చూసుకుంటాను."

దొరబాబుగారి దగ్గరికి వెళ్తే, బండి లోపలికి తొంగి చూసి ముక్కు మూసుకున్నారు. అమ్మిన రోజు ఆయనకి జలుబు చేసి ఉంటుంది.

"ఐసు నీళ్లు కార్చారండి. ఉప్పుకి వైర్లు కుళ్లాయండి. నేను మీకు కారు అమ్మానండి, చేపల బుట్ట అమ్మలేదండి" అన్నారు.

మాకూ నిజమే అనిపించింది. మా వల్లే పాడైందేమోనని పెట్టెల కింద పట్టాలు పరిచాం, రోజూ కడిగాం, మెకానిక్కుల్ని పోషించాం. మళ్లీ వెళ్లిన ప్రతిసారీ ఆయనది అదే మాట.

ఒకరోజు సరుకు దింపాక చుట్టాలింట్లో భోజనాలున్నాయని మా ఆయన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ధవళేశ్వరం దగ్గర పోలీసులు ఆపారు. బెల్టు ఏదని ఎస్సైగారు అడిగారు. మా వైపు సీటు బెల్టంటే బండికి పెట్టిన నగ. దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. ఎస్సైగారు కదలనివ్వలేదు. మా ఆయన లాగాడు, రాలేదు. రెండు చేతులా గుంజితే బర్రుమని వచ్చి, భుజం నుంచి నడుం దాకా చొక్కా మీద జానెడు వెడల్పున ఎండిన బురద రాసుకుంది.

"ఏంటయ్యా, దీంతో పొలం దున్నుతున్నావా?" అన్నారు ఎస్సైగారు. ఫైను మాత్రం వేశారు. బురదకి రాయితీ లేదట.

మా ఆయన ఆ బురద వేళ్లతో నలిపి చూశాడు. మెత్తటి ఎర్ర ఒండ్రు. వరద తీశాక మా గుమ్మాల్లోంచి పారలతో ఎత్తిపోసేది అదే. పెట్టెల్లోని ఐసు నీళ్లు కిందికి కారతాయి కానీ, భుజం ఎత్తుకు ఎక్కి బెల్టు చుట్టలో దూరవు కదా.

"ఆ డాక్టరుగారి గుడి నడి ఏట్లో ఉన్నట్టుందే" అన్నాడు. చుట్టాలింటికి వెళ్లలేదు. బండి నేరుగా యార్డుకి తిప్పాడు.

దొరబాబుగారు చొక్కా చూసి, "చేప బురదండి" అన్నారు. చేపకి బురద ఉంటుందని ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

ఇక్కడ మా రేవు పద్ధతి ఒకటి చెప్పాలి. పాడుకున్న కుప్పలో పైన మంచి చేప ఉండి, అడుగున కుళ్లు చేప బయటపడితే మేం అరుచుకోం. కొన్నామె తన ఖాళీ గంప తెచ్చి, అమ్మినవాడి తర్వాతి కుప్ప మీద బోర్లించి పక్కన కూర్చుంటుంది. తగువు తేలేదాకా ఆ గంప ఎవరూ ఎత్తరు, ఆ కుప్ప ఎవరూ పాడరు. పగవాళ్లయినా సరే.

నేను బండి వెనకనుంచి ఖాళీ గంప తీసి, యార్డులో అన్నిటికంటే ముందు మెరుస్తున్న తెల్లకారు బానెట్ మీద బోర్లించి, నీడ చూసుకుని కూర్చున్నాను. గంపలోంచి నీళ్లు ఒక్కో చుక్కా జారుతున్నాయి.

"ఏయ్, ఏంటమ్మా ఇది? పోలీసుల్ని పిలుస్తాను" అన్నారు దొరబాబుగారు.

"పిలవండి బాబూ. ధవళేశ్వరం ఎస్సైగారినే పిలవండి, ఈ చొక్కా ఆయనకి బాగా తెలుసు" అన్నాడు మా ఆయన.

పిలవలేదు. ఇంతలో కార్లు చూసుకోవడానికి జనం వచ్చారు. ఈ గంపేంటని అడిగినవాళ్ల దగ్గర నేను దొరబాబుగారిని ఒక్క మాట అనలేదు. ఏ కారు కొన్నా బెల్టు చివరిదాకా లాగి చూసుకోమని మాత్రం చెప్పాను. ఇక యార్డంతా బర్రు బర్రుమని బెల్టులు లాగే చప్పుడే. ఒకాయన నీలం కారు బెల్టు లాగి, వేళ్లు చూసుకుని, ఆ వేళ్లు దొరబాబుగారి గోడకే తుడిచి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు.

పొద్దున "ఏయ్" అయిన నేను కాసేపటికి "అమ్మగారూ" అయ్యాను. నీలం కారు తర్వాత "పిన్నిగారూ" అయ్యాను. కుర్చీ వచ్చింది, కూల్‌డ్రింకు వచ్చింది.

"పిన్నిగారూ, ఆ గంప తీసెయ్యండి. మీకేం కావాలో చెప్పండి" అన్నారు.

బండికి బండి ఇమ్మన్నాం. గంప కింద ఉన్న తెల్లకారు తప్ప ఏదైనా తీసుకోమన్నారు. మా ఆయన మూలన రంగు వెలిసిన వ్యాను ఒకటి చూశాడు. బెల్టులన్నీ లాగాడు, శుభ్రంగా ఉన్నాయి. అంతటితో ఊరుకోలేదు. మా ముక్కుల మీద మాకు నమ్మకం పోయింది కదా. పట్టుచీర కట్టుకుని కారు చూడ్డానికి వచ్చిన ఒకావిడని పిలిచి, "అమ్మా, కొంచెం ఇందులో తలపెట్టి వాసన చూసిపెడతారా?" అని అడిగాడు. ఆవిడ పెట్టింది. డీజిల్ వాసన తప్ప ఏమీ లేదు, కానీ పక్కన మీరు నిలబడితే సరిగ్గా చెప్పలేను, కాస్త అవతలికి జరగండి అంది. జరిగాం. మళ్లీ చూసి, ఏమీ లేదంది.

అప్పుడు నేను గంప ఎత్తాను. దొరబాబుగారు ఆ వ్యాను కాగితాలు, తాళాలు మా ఆయన చేతిలో పెట్టారు. మర్నాడు కేటరింగు ఆయనకి సరుకు ఎండెక్కకముందే చేరింది. ఆయన ఆఖరిదాకా మా దగ్గరే తీసుకున్నాడు. మా ఆయన పోయాక వ్యాను అమ్మేశాను. కొనడానికి వచ్చినవాడు అడక్కముందే బెల్టు చివరిదాకా లాగి చూపించాను. వాసన మాత్రం వాళ్లావిడ చేత చూపించుకోమన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి చెప్పేది ఒక్కటే. ఏ పనైనా ఏళ్ల తరబడి చేస్తే మనిషిలో ఏదో ఒకటి అరిగిపోతుంది. మాకు ముక్కు. మీకేది అరిగిందో ముందే తెలుసుకుని, పెద్ద బేరం చేసేటప్పుడు అది ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకోండి.

అంతే. ఏదీ సత్యా, మొదటినుంచి ఒకసారి చదివి వినిపించు. దొరబాబుగారికి ఎక్కడా "గారు" తగ్గలేదు కదా, చూడు.