పీరన్న చెవి, నా పుస్తకం

పోయిన మంగళవారం పొద్దున ఏడుంపావుకు మా వీధిలోంచి ఒక నాలుగు చక్రాల మోటారుబండి వెళ్లింది. కొండ మీద గాలిమరల దగ్గర పనిచేసేవాళ్లది. మోటార్‌సైకిలుకు ఉన్నట్టు హ్యాండిలు, ట్రాక్టరుకు ఉన్నట్టు లావు టైర్లు, రాళ్లలోనూ గుంతల్లోనూ ఎక్కిపోయే రకం. నేను కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చున్నాను. స్పీడు బ్రేకరు దగ్గర వేగం తగ్గించినప్పుడు బండి కింద ఎక్కడో టక్కు టక్కుమంది. మలుపు తిరిగేదాకా ఇరవై రెండుసార్లు. "ఏం లెక్కపెడతాండావత్తా?" అని మా కోడలు అడిగింది. ఏమీ లేదన్నాను. నాకు డెబ్బై రెండేళ్లు. చప్పుళ్లను లెక్కపెట్టడం నాకు యాభై దాటాక వచ్చిన అలవాటు. నేర్పినవాడు పీరన్న.

గార్లదిన్నెలో రోడ్డు పక్కన పీరన్నకు రేకుల షెడ్డు ఉండేది. మొదట్లో ఆయన బావుల మీద ఆయిలింజన్లు బాగుచేసేవాడట. బావులు ఎండి బోర్లు వచ్చాక ఇంజన్లు మూలపడ్డాయి, పీరన్న మోపెడ్లకు మారాడు. మెట్టభూముల్లో పండ్లమొక్కలు పెంచే ఒక సంస్థలో నేను అప్పుడు రిజిస్టర్లు రాసేదాన్ని. నా మోపెడ్ ఏదో చప్పుడు చేస్తుంటే ఆయన దగ్గరికి తీసుకుపోయాను.

"ఏమైందమ్మా?"

"చప్పుడొస్తోంది."

"మా ఇంటిదానికీ వస్తాది చప్పుడు. దానికి మందు వేరే, దీనికి మందు వేరే. ఎట్ల అరుస్తాదో చేసి సూపీ."

బెంచీ మీద నలుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. నాకు ముందు వచ్చిన రైతు ఒకాయన బుగ్గలు పూరించి తన బండి చప్పుడంతా నోటితో చేసి చూపించాడు. ఎవరూ నవ్వలేదు. ఆ షెడ్డులో అది పద్ధతి. చప్పుడు చేసి చూపించనివాళ్ల బండిని పీరన్న ముట్టుకోడు. నేను మాత్రం నోటితో చేయనని, కావాలంటే రాసి ఇస్తానని చెప్పాను.

"రాసేదైతే రాయి. ముందు ఇంటికి పోయి బాగా విని, రేపు రా."

మరుసటి రోజు కాగితం తీసుకుపోయాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మూడు నిమిషాలు వస్తుంది, వేడెక్కితే ఉండదు, బ్రేకు పట్టినా మారదు, రేజ్ చేస్తే త్వరత్వరగా వస్తుంది అని రాశాను. పీరన్న రెండుసార్లు చదివి బెంచీ మీదివాళ్లతో, "సూడండప్పా, మీరంతా బండ్లు తెస్తారు. ఈయమ్మ బండి సంగతి తెచ్చింది" అన్నాడు. సైలెన్సరు మూతి దగ్గర నట్టు వదులైంది. వేడెక్కితే ఇనుము పెరిగి సందు మూసుకుంటోంది. పది నిమిషాల పని. ఆ కాగితాన్ని ఆయన మేకుకు తగిలించుకున్నాడు. నాకు లోపల గర్వంగా అనిపించిన మాట దాచను.

కొన్నేళ్ల తర్వాత మా సంస్థకు నాలుగు చక్రాల బండి వచ్చింది. కొండవాలులో రెండువందల నలభై మామిడి మొక్కలు. ఎండాకాలంలో మొక్కకు విడతకు అయిదు లీటర్లు, మొత్తం పన్నెండువందలు. ట్రాక్టరు ఎక్కలేని చోటు కనుక ఈ బండి వెనక చిన్న ట్రాలీ, దాని మీద నీళ్ల ట్యాంకు. నడిపేది ఓబులేసు. ముప్పై అయిదేళ్లవాడు, కొండ కింది ఊరివాడే, ఇద్దరు బిడ్డల తండ్రి. బండిలో ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఉంటుంది. దాన్ని చూసి రోజూ రిజిస్టరు రాసేది నేను.

మే నెలలో బండి ఎత్తు ఎక్కేటప్పుడు సీటు కింద టక్కు టక్కుమనడం మొదలైంది. టౌనులో ఒక మెకానిక్కు ఇంజన్ విప్పి, బిగించి ఇచ్చాడు. చప్పుడు పోలేదు. రిజిస్టరులో 'కారణం' అని ఒక గడి ఉంది. నేను ఒకసారి కొండకు పోయినప్పుడు ఓబులేసు ఎత్తులో బాగా రేజ్ చేయడం చూశాను. దాన్ని పట్టుకుని ఆ గడిలో "ఇంజన్ చప్పుడు. డ్రైవరు అతిగా రేజ్ చేయడం వల్ల" అని రాశాను. మా ఆఫీసరు అది చదివి, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి వేరే మనిషిని చూసుకుంటామని ఓబులేసుతో చెప్పాడు. ఓబులేసు వాదించలేదు. "మేడం రాసినాక నా మాట ఎవరింటారు సార్?" అన్నాడు. నిజమే. పద్దెనిమిదేళ్లలో నా పుస్తకంలో తప్పు ఎవరూ చూపించలేదు. వెళ్లేముందు ఒకటే అడిగాడు, పీరన్నకు ఒకసారి బండి చూపించమని.

పీరన్న కొండ కిందికి వచ్చి బండి కంటే ముందు రిజిస్టరు అడిగాడు. చదివి నా వైపు చూశాడు.

"ఏమమ్మా, ఇంజన్ చప్పుడని రాసినావు. ఇంజన్ వచ్చి నీ చెవిలో చెప్పిందా?"

"సీటు కింద వస్తే ఇంజనే కదా, పీరన్నా."

"సీటు కింద శానా ఉండాయి. రాముని పక్కన కూసున్నంత మాత్రాన కూసున్నోడు రాముడు గాడు. నోటితో చేయకపోయినా మోపెడ్‌కు బాగా రాసిస్తివి. దీనికేమో వినకనే తీర్పు రాసినావు."

బండిని నిలబెట్టి, గేరు తీసి, ఇంజన్ రేజ్ చేయించాడు. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. తర్వాత పిడిని నా చెవికిచ్చాడు. ఎంత రేజ్ చేసినా టక్కుమనే చప్పుడు లేదు. అప్పుడు ఇంజన్ ఆపించి, ట్రాలీ విప్పించి, వెనక టైరు మీద సుద్దతో గీత గీశాడు.

"ఓబులేసూ, నువ్వు తొయ్యి. చక్రం ఇరవై సుట్లు తిరగల్ల. అమ్మా, నువ్వు టక్కులు లెక్కబెట్టు. నీ పనే కదా అది."

ఆగిన ఇంజనుతో బండి కదిలింది, టక్కు టక్కుమంటూనే కదిలింది. ఇరవై చుట్లకు డెబ్బై మూడు. చక్రం తిరుగుడు ఒక్కటికి మూడున్నర పైన. చక్రంలో లోపమైతే చుట్టుకు ఒక్కటే రావాలన్నాడు. ఇంజన్ నుంచి వెనక చక్రాలకు పోయే పొడుగు కడ్డీ మాత్రం చక్రం ఒకసారి తిరిగేలోగా అన్నిసార్లు తిరుగుతుంది. ఆ కడ్డీ చివర కీలు విప్పితే లోపలి నుంచి తుప్పు రంగు పొడి రాలింది. సూదుల్లాంటి చిన్న ఉక్కు ముక్కలు నలిగి పిండి అయిపోయాయి.

"ఇది రేజ్ చేస్తే పోయేది గాదు. మోయలేని బరువు లాగితే పోతాది. ట్రాలీలో ఎంత ఏస్తాండారు?"

"నాలుగువందల లీటర్లు" అన్నాను. ముందు మూడువందలే వేసేవాళ్లం, నాలుగు ట్రిప్పులయ్యేవి. నాలుగువందలైతే మూడు ట్రిప్పులతో సరిపోతుందని మార్చింది నేనే. బండితో వచ్చిన పుస్తకంలో నాలుగువందల యాభై కిలోలు లాగవచ్చని ఉంది. యాభై మిగులుతుందని కూడా రాసిపెట్టుకున్నాను.

"అది సదును నేలకు చెప్పింటారు, కొండకు గాదు. అదట్ల పెట్టు, ట్రాలీ బరువెంత?"

ట్రాలీ కాగితం తీసి చూశాను. ట్రాలీ, ట్యాంకు కలిపి నూటపది కిలోలు. నీళ్లను లెక్కగట్టాను, నీళ్లను మోసే ఇనుమును లెక్కగట్టలేదు. అయిదువందల పది. అంత బరువుతో ఎత్తు ఎక్కాలంటే ఓబులేసు రేజ్ చేయక ఏం చేస్తాడు?

రిజిస్టరులో ముందటి మాటను చెరపకుండా ఒక్క గీతతో కొట్టేసి, కింద "బరువు లెక్క తప్పు. లెక్క నాది" అని రాసి సంతకం చేశాను. ఆఫీసరు చదివి, సరే, ఓబులేసు ఉంటాడులే, ఇంతటితో వదిలేయండి అన్నాడు. పీరన్న చేతులు తుడుచుకుంటూ నాతో మెల్లగా అన్నాడు, "తప్పు రాస్తే ఊరికంతా తెల్సె. ఒప్పు ఈ పుస్తకంలోనే పండుకోల్లా?"

ఆ సాయంత్రం ఓబులేసు ఇంటికి పోయాను. ఆయన భార్య విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. జరిగింది చెప్పాను. ఆమె చేతి పని ఆపకుండానే విన్నది.

"బండి చెడగొట్టినాడని పది దినాలుగా అందరూ అంటాండారు మేడం. కొళాయి కాడ నాకు, పొలం కాడ మా మామకు. మీరు మా ఇంట్లో చెప్పినారు, సంతోషం. బయట ఎవరు చెప్తారు?"

ఊరంతా ఎప్పుడు కలుస్తారని అడిగాను. ఆదివారం మొక్కల సంఘం కూటం ఉందని చెప్పింది. ఆదివారం రిజిస్టరు తీసుకుని పోయాను. నలభై ఒక్కమంది. కొట్టేసిన మాటా, కింద రాసిన మాటా రెండూ చదివాను. ఓబులేసు నేల చూస్తూ కూర్చున్నాడు. వెనక నుంచి వాళ్ల నాయన లేచాడు.

"అట్లయితే మావోడు బండి బాగనే నడుపుతాడా?"

"బాగా నడుపుతాడు" అన్నాను.

"అది యాడ రాసినావమ్మా?"

రిజిస్టరులో చూశాను. లోపానికి గడి ఉంది, కారణానికి గడి ఉంది, బాగా జరిగినదానికి గడి లేదు. పద్దెనిమిదేళ్లుగా అలాంటి పుస్తకాలే రాశాను, ఒక్కసారీ లోటు అనిపించలేదు. స్కేలు లేకపోయినా చివర ఒక నిలువు గీత గీసి, కొత్త గడిలో ఓబులేసు పేరు రాసి, అందరికీ వినిపించేలా చదివాను.

పీరన్న పోయి ఆరేళ్లయింది. నేను ఇప్పటికీ కారణం రాసే ముందు విన్నది రాస్తాను, ఎన్నిసార్లు విన్నానో రాస్తాను. ఒక మనిషి పేరు రాయాల్సి వస్తే కలం కాసేపు పక్కన పెడతాను. ఇంటి పుస్తకంలో కుడివైపు చివర ఒక గడి ఎప్పుడూ గీసి ఉంచుతాను. నిన్న అందులో పాలు పోసే రామక్క పేరు రాశాను. మూడు నెలల్లో ఒక్కరోజు కూడా ఆమె ఆరున్నర దాటించలేదు. ఈ పొద్దున ఆమె పాలు పోస్తుంటే ఆ వరస చదివి వినిపించాను.