అదే తూకం గొలుసు

మా ఆయన ఫ్యాక్టరీలో కాటాలు బాగుచేసే మెకానిక్. అక్కడందరికీ కాటా బాబాయ్. లారీలు తూచే పెద్ద కాటా మొదలుకుని స్టోర్‌లో మేకులు తూచే చిన్న త్రాసు దాకా, దేని ముల్లు పక్కకు జరిగినా ఆయనకు అన్నం సయించదు. ఇంట్లో గడియారం కాస్త వంకరగా కనిపించినా, తింటున్నవారల్లా లేచి సర్దేవారు.

రిటైర్మెంటు దగ్గరపడింది. పెన్షన్ లేని ఉద్యోగం. జీతంలో మిగిల్చి కొన్న షేర్లున్నాయి. నా గాజులు, కొన్ని బంగారు నాణేలు, పాపాయి గొలుసు ఉన్నాయి.

పాపాయి మా కూతురు. జ్వరంతో పోయింది. బడి పుస్తకం ముందు కూర్చుంటే గొలుసు నోట్లో పెట్టుకునేది. కొక్కెం పక్కన దాని పంటి గాట్లు ఉండేవి.

బ్యాంకులో పనిచేసే మా తమ్ముడు వచ్చి చెప్పాడు. "బంగారం సగం, షేర్లు సగం పెట్టుకో బావా. ఒకటి పడితే ఇంకోటి కాస్తుంది. రిటైరయ్యే నాటికి షేర్లు ఇంకా తగ్గించేద్దాం."

సగం సగం అన్నది ఆయన చెవికెక్కింది. ఆ తర్వాత మాట ఎక్కలేదు.

"గొలుసు ఈ లెక్కలో కలపకండి," అన్నాను.

"పక్కన పెడితే తూకం ఎలా తేలుతుందే? కలిపినంత మాత్రాన అమ్మేస్తానా?"

షేర్లు పడ్డాయి. బంగారం వైపు బరువెక్కిందని ఒక గాజు అమ్మి షేర్లు కొన్నారు. మళ్లీ పడ్డాయి. రెండో గాజూ వెళ్లిపోయింది. తమ్ముడికి తెలిసి పరుగున వచ్చాడు.

"ఇక ఆపు బావా, నీకు దణ్ణం పెడతా! రెండు పళ్లేలూ ఖాళీ అయినా ముల్లు మధ్యలోనే ఉంటుంది."

"కౌంటర్ వెనక కూర్చుని ముద్రలేసుకునేవాడివి, నాకు కాటా నేర్పుతున్నావుట్రా?"

"అక్కా, నువ్వైనా చెప్పవే."

ఏం చెప్పను? పాపాయి పోయాక ఆయన నోట్లో మాట లేకుండా పోయింది. ఈ సర్దుబాట్లలో పడ్డాకే మళ్లీ నాలుగు మాటలు మాట్లాడుతున్నారు.

షేర్లు ఇంకోసారి పడ్డాయి. బీరువా తెరిచి, దాని ముందే కూలబడ్డారు.

"నాణెం తీస్తే చాలడం లేదు. రెండు తీస్తే ఎక్కువవుతోంది. గొలుసైతే..." నా మొహం చూడలేదు. "గొలుసైతే సరిగ్గా సరిపోతుంది. షేర్లు లేవగానే తెచ్చేస్తా. ఎక్కడికీ పోదు."

"ఏమండీ, అది పాపాయిది."

"నాకు తెలీదా?"

తెలుసు. అందుకే తన చేత్తో తియ్యలేక, తాళంచెవి నా ఒళ్లో పెట్టారు. తీసిచ్చాను. ఆయన గొలుసు జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి అదిమిపెట్టుకుని వెళ్లారు.

కొన్నాళ్లకు షేర్లు లేచాయి. ఆయన రిటైరైన రోజున, తోటివాళ్లు బాబాయ్‌కి గుర్తుగా స్టోర్‌లోని చిన్న త్రాసు ఇచ్చి పంపారు. దాన్ని చంకన పెట్టుకునే నేరుగా బంగారు కొట్టుకు వెళ్లొచ్చారు. చెప్పులైనా విప్పకుండా త్రాసు బల్ల మీద పెట్టి, ఒక పళ్లెంలో తూకపు రాళ్లు వేసి, రెండోదాంట్లో గొలుసు పెట్టారు. ముల్లు కాసేపు ఊగి మధ్యలో నిలబడింది.

"చూశావా, అదే తూకం! వెంట్రుకవాసి తేడా లేదు. తెస్తానన్నానా లేదా?"

గొలుసు తళతళలాడుతోంది.

"పాతది?" అన్నాను.

"అప్పుడే కరిగించేశారట." ఆ మాట మెల్లగా అన్నారు. "తూకం అదేనే."

ఆయన గొలుసు చేతిలోకి తీసుకున్నారు. కొక్కెం పక్కన బొటనవేలితో తడిమారు. కాస్త ముందుకు జరిపి తడిమారు. ఆ కొస నుంచి ఈ కొస దాకా వచ్చి, మళ్లీ కొక్కెం దగ్గర మొదలుపెట్టారు.

"ఆ లైటు కాస్త వెయ్యి," అన్నారు.

వేశాను.