నిమ్మచెట్టుకు తలంటు

మా మేనకోడలు సత్యవేణి చేతికి అందబోతున్న ఉద్యోగాన్ని అరగంటలో కోళ్లకు మేపినంత పని చేసిన ఘనుణ్ణి నేను. అది మూడేళ్ల క్రితం, నా అరవై రెండేళ్ల పసితనంలో జరిగింది.

ఆ ఉద్యోగం సీతాకోకచిలుకల క్షేత్ర పరిశోధన. ఇంటర్వ్యూ చేసేవారు ఉప్పలగుప్తంలోని మా ఇంటికే వచ్చి, పెరట్లో ఆమె పరిశీలిస్తున్న పురుగులను చూస్తామన్నారు. ఆమెను తయారుచేసే బాధ్యత, ఎవరూ అడగకుండానే, నేను స్వీకరించాను. అంకె లేని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. అందుచేత వారం పాటు రెక్కల కొలతలు వల్లె వేయించాను.

"రెక్కలు చాచితే ఎన్ని మిల్లీమీటర్లు?"

"వాళ్లు కొలతలడగరండి మావయ్యగారూ. చెట్టు మీద ఏం చూసేవని అడుగుతారండి."

"చూశానంటే సరా? సాక్ష్యమేది?"

"ఆయ్" అంది పాపం, గోడకు దండం పెట్టినట్టు.

ఇంటర్వ్యూ రోజు ఉదయం ఆమె అతిథులను తీసుకురావడానికి అమలాపురం వెళ్లింది. అధికారులు గుమ్మం తొక్కే రోజున మా కోనసీమలో కొబ్బరిచెట్టుకు కూడా మొహం కడుగుతాం. పెరట్లోకి వెళ్లి చూద్దును గదా, నిమ్మాకుల నిండా పిట్టరెట్టలు! వినాశకాలే విపరీత శుభ్రత. గొట్టంతో నీళ్లు కొట్టాను. తడిగుడ్డతో ఆకు ఆకునా తుడిచాను. రాలినవాటి మీద మా కోళ్లు బూరెల మీద పెళ్లివారిలా ఎగబడ్డాయి. రెట్ట కోసం కోళ్లు అంతగా కొట్టుకోవడమేమిటన్న అనుమానం, చెప్పడానికే సిగ్గేస్తోంది, నాకు లేశమైనా కలగలేదు.

అతిథులు వచ్చారు. వారిలో ఒక పరిశోధకురాలు చెట్టు ముందు వంగి, "గొంగళిపురుగులేవమ్మా?" అన్నారు.

"పొద్దున్న ఉన్నాయండి. పసివి కదండీ, శత్రువులు పోల్చుకోకుండా అచ్చం పిట్టరెట్టల్లా ఉంటాయండి..." సత్యవేణి ఆకు ముట్టుకుంది. తడి తగిలింది. మెల్లగా నా వైపు తిరిగింది. "మావయ్యగారూ, కడిగేరా?"

"రెండుసార్లు!" అన్నాను గర్వంగా.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పరిశోధకురాలు నవ్వు ఆపుకుంటూ, "సరే, ఈ పురుగులకు శత్రువులెవరో చెప్పు" అన్నారు.

"పిట్టలండి, కందిరీగలండి, చీమలండి..." ఆగి, వేలు నాకేసి చూపించింది. "ఈయనండి. మిగతావి ఆకలేసి చంపుతాయండి. ఈయన మర్యాద కోసం చంపేరండి!"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేనకోడలు పట్టింది, ఉద్యోగమూ పట్టింది. క్షేత్రంలో శత్రువును ఇంత నిర్భయంగా గుర్తించిన అభ్యర్థిని తామెక్కడా చూడలేదన్నారు వాళ్లు.

ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేయుచున్నాను: కంఠంలో ప్రాణముండగా, పేరూ ఊరూ విచారించకుండా ఏ పిట్టరెట్టనూ తుడవను.